కన్ను నిద్రపోయింది.. చెవి మేలుకొంది

చిన్నతనంలో ఎవరూ గమనించక ఒక కంటి చూపు పోగొట్టుకున్న తండ్రి.. కూతురి కన్ను కాపాడుకున్న వైనం

తణుకు పరిసరాల్లోని ఒక ఊళ్లో, మెయిన్ రోడ్డు మీద రావిచెట్టు ఎదురుగా మైకు సెట్టు దుకాణం ఉంది. పెళ్లిళ్లకు, జాతరలకు, సంక్రాంతి సంబరాలకు బాక్సులు, మైకులు, జనరేటరు అద్దెకిస్తారు. రెండు మూడు నెలలకు ఒకసారి పోస్టుమాన్ ఆ దుకాణం ముందు బండి ఆపి ఒక అట్టపెట్టె దింపుతాడు. దాని మీద జపాన్ అక్షరాలుంటాయి. మూల మీద కస్టమ్స్ వారు విప్పి మళ్లీ అంటించిన టేపు ఉంటుంది.

"మొదట్లో ఏం మందులో, ఏం యంత్రాలో అనుకున్నానండి. సంతకం పెట్టించుకుని, సుంకం డబ్బులు పుచ్చుకుని ఇచ్చేసేవాడిని. ఓ రోజు నా ఎదురుగానే విప్పారు. చూద్దును కదా, పాటల డిస్కులు! అవీ సినిమా పాటలు కావంట. పిల్లలు టీవీలో ఆడుకునే ఆటల్లో వచ్చే సంగీతమంట" అని పోస్టుమాన్ నవ్వుతూ చెప్పాడు.

దుకాణం యజమానికి ముప్పయ్యయిదేళ్లు. ఆయన దగ్గర అలాంటి డిస్కులు 43 ఉన్నాయి. ఆటల సంగీతం కోసం అంత డబ్బు పోసి జపాన్ నుంచి తెప్పించుకోవడం ఏమిటని ఊళ్లో చాలామంది విడ్డూరంగా చెప్పుకుంటారు. ఆ విడ్డూరం వెనుక ఒక కన్ను కథ ఉంది. చిన్న పిల్లలున్న ప్రతి ఇంటివారూ తెలుసుకోవలసిన కథ అది. పేరు రాయవద్దన్న షరతు మీద ఆయన దానిని ఈ విలేఖరికి చెప్పారు.

కంటికేమీ లేదు.. చూపే లేదు!

ఆయన ఎడమ కన్ను చూడడానికి మామూలుగానే ఉంటుంది. ఎరుపు లేదు, పువ్వు లేదు, మెల్ల లేదు. అయితే ఆ కంటితో ఆరు మీటర్ల దూరంలోని చార్టులో పై వరుసలో ఉన్న పెద్ద అక్షరం మాత్రమే ఆనుతుంది. మంచి కన్ను ఉన్నవారు 60 మీటర్ల నుంచి చూడగలిగిన దానిని ఆ కన్ను 6 మీటర్ల దగ్గరకు వస్తేగాని చూడలేదు. వైద్యులు దీన్ని 6/60 అని రాస్తారు. కుడి కన్ను మాత్రం 6/6.

"పుట్టినప్పటి నుంచీ అలాగే ఉంది కాబట్టి అందరికీ ఒక కన్ను మసగ్గానే ఉంటుందేమో అనుకునేవాడిని. నాకు తెలియదు, మా అమ్మకు తెలియదు, మేస్టారికీ తెలియదు. కుడి కంటితో బోర్డు మీద ఉన్నది గబగబా చదివేవాడిని కదండీ!" అని ఆయన అన్నారు.

గమనించి ఉంటే ఆనవాళ్లు లేకపోలేదు. బంతి విసిరితే పట్టుకోలేకపోయేవాడు. గ్లాసులో నీళ్లు పోయబోతే పక్కన పడేవి. గోళీలాటలో గురి ఎప్పుడూ జానెడు తప్పేది. మెట్లు దిగుతూ ఆఖరి మెట్టు దగ్గర తడబడేవాడు. రెండు కళ్లూ కలిసి చూస్తేనే వస్తువు ఎంత దూరంలో ఉందో లోతు తెలుస్తుంది. ఒక కంటి చూపు లేకపోతే ఆ లోతు సరిగా అందదు. ఇంట్లోవారు మాత్రం దానిని దుడుకుతనం కింద జమకట్టారు. "చూసుకుని నడవరా అని ఎన్ని మొట్టికాయలు వేశానో! ఇప్పుడు తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది నాయనా" అని ఆయన తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

2001లో బడిలో కంటి పరీక్షలు జరిగాయి. అప్పటికి ఆయనకు పదకొండేళ్లు. కుడి కన్ను మూసి చదవమంటే అబ్బాయి నోరు మెదపలేదు. అల్లరి చేస్తున్నాడని మేస్టారు గదమాయించారు. కంటి పరీక్షకు వచ్చినాయన అడ్డుపడి, "వీడు అల్లరి చేయడం లేదండీ, వీడికి కనబడడం లేదు" అన్నారట. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉందంటారాయన.

రెండు బోదెల కాలువ

ఈ జబ్బును వైద్యులు ఆంబ్లియోపియా అంటారు. వాడుకలో లేజీ ఐ, అంటే బద్ధకపు కన్ను అని పిలుస్తారు. నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో ఇది ఉంటుందని నిపుణులు చెబుతారు. నిజానికి బద్ధకం కంటిది కాదు. కన్ను బొమ్మను పట్టి పంపుతుంది, దానిని చదివేది మెదడు. పుట్టినది మొదలు ఏడెనిమిదేళ్ల వరకూ మెదడు చూడడం నేర్చుకుంటూనే ఉంటుంది. ఆ వయసులో ఒక కంటి నుంచి స్పష్టమైన బొమ్మ, రెండో కంటి నుంచి మసక బొమ్మ వస్తుంటే మెదడు మసకదానిని పక్కన పెట్టేస్తుంది.

మన డెల్టా రైతులకు సులువుగా తెలిసేట్టు చెప్పాలంటే, ఒక పొలానికి రెండు బోదెలు ఉన్నాయనుకోండి. ఒక బోదెలోనే నీరు పారుతూ రెండోది వాడకుండా వదిలేస్తే అది పూడిపోతుంది, తుంగ మొలుస్తుంది. మొదట్లోనే గమనిస్తే పారతో తీసి నీరు వదలవచ్చు. ఏళ్లు గడిచాక గట్టుకూ బోదెకూ తేడా ఉండదు. కన్ను విషయంలోనూ అంతే.

అమెరికాలో డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజెల్ అనే శాస్త్రవేత్తలు 1960 దశకంలో పిల్లికూనల మీద పరీక్షలు చేసి ఈ సంగతిని రుజువు చేశారు. పుట్టిన కొద్దికాలానికే ఒక కన్ను మూసి ఉంచి కొన్ని నెలల తర్వాత తెరిస్తే, కన్ను బాగానే ఉన్నా మెదడు దానిని పట్టించుకోలేదు. పెద్ద పిల్లులకు అలాగే చేస్తే ఏమీ కాలేదు. అంటే చిన్న వయసే కీలకమన్నమాట. మెదడు చూపును ఎలా అందుకుంటుందో కనిపెట్టినందుకు 1981లో వారిద్దరికీ నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

ఒక కన్ను వెనకబడడానికి కారణాలు ముఖ్యంగా మూడు. రెండు కళ్ల పవరులో బాగా తేడా ఉండడం ఒకటి. మన మైకు సెట్టు యజమానిది ఇదే. ఇందులో పైకి ఏమీ కనిపించదు కాబట్టి ఇదే ఎక్కువగా తప్పించుకుపోతుంది. రెండోది మెల్లకన్ను. మూడోది పుట్టుకతో వచ్చిన శుక్లం గాని, కిందికి వాలిన రెప్ప గాని కంటికి అడ్డు రావడం.

మెల్లకన్ను సంగతిలో మనకో మూఢనమ్మకం ఉంది. మెల్లకన్ను అదృష్టమంటారు. పిల్లకు మెల్ల ఉంటే ఇంటికి కలిసొస్తుందని మురిసిపోయేవారు నేటికీ ఉన్నారు. "గుడ్డికంటే మెల్ల నయం" అని సామెత కూడా చెబుతారు. ఆ మెల్లను అలాగే వదిలేస్తే ఆ కంటి చూపే పోవచ్చునని మాత్రం ఎవరూ చెప్పరు.

బడిలో 'శుక్రాచార్యుడు'

దీనికి వైద్యం వినడానికి వింతగా ఉంటుంది. చెడ్డ కంటికి కాదు, మంచి కంటికి గంత కడతారు. మంచి కన్ను మూసేస్తే మెదడు గత్యంతరం లేక రెండో కంటితో చూడడం నేర్చుకుంటుంది. ఈ పద్ధతి నిన్నమొన్నటిది కాదు. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు బఫన్ 1743లోనే దీని గురించి రాశాడు.

పదకొండేళ్ల అబ్బాయిని పట్నంలో కంటి వైద్యుడికి చూపించారు. "వయసు మించిపోయింది. అయినా ప్రయత్నం చేద్దాం" అని ఆయన అద్దాలు రాసి, కుడి కంటికి రోజూ ఆరు గంటలు ప్లాస్టరు వేయమన్నారు. అది వేసుకుని బడికి వెళ్తే పిల్లలు ఊరుకుంటారా? వామనావతారం కథలో కన్ను పోగొట్టుకున్న శుక్రాచార్యుడి పేరు పెట్టేశారు. పదో తరగతి దాకా ఆ పేరు పోలేదు. మసక కంటితో బోర్డు కనబడదు, పుస్తకం కనబడదు. దారిలో గేదె ఎదురొచ్చినా దగ్గరకు వచ్చేదాకా తెలిసేది కాదు. బడి మానేస్తానని మొండికేస్తే ఇంటి దగ్గర సాయంత్రం పూట మాత్రం కట్టడానికి రాజీ కుదిరింది.

ఆ సాయంత్రాలు గడవడానికి దొరికింది ఒకటే: టీవీకి తగిలించే వీడియో గేము పెట్టె. అంతకు రెండేళ్ల ముందు తండ్రి రాజమండ్రి నుంచి తెచ్చాడు. జపాన్‌లో 1983లో నింటెండో కంపెనీ విడుదల చేసిన ఫ్యామికామ్ అనే యంత్రానికి అది నకలు. అలాంటి నకలు పెట్టెలు 1990 దశకంలో మన దేశంలో ఊరూరా అమ్ముడుపోయాయి. పసుపు పచ్చ క్యాసెట్టు దూర్చి మీట నొక్కితే మీసాల మారియో పరుగెత్తుకొచ్చేవాడు.

"గంత కట్టుకున్నాక మారియో నాకు ఎర్రటి మరకలా కనబడేవాడండి. గుంత ఎక్కడుందో, గోడ ఎక్కడుందో తెలిసేది కాదు. పాట మాత్రం స్పష్టంగా వినబడేది. నేను పాటను పట్టుకుని ఆడాను" అన్నారాయన.

పాట పట్టుకుని ఆడడమేమిటి? ఆ ఆట తెలిసినవారికి ఇది అర్థమవుతుంది. మారియో నేల మీద ఉంటే ఒక బాణీ. గొట్టంలోంచి భూమి కిందికి దిగితే మరో బాణీ. చుక్క దొరికితే హుషారుగా ఇంకో బాణీ. నాణెం దొరికితే ఒక గంట, ఎగిరితే ఒక కూత. ఇచ్చిన సమయంలో వంద మిగిలేసరికి సంగీతం ఒక్కసారి హెచ్చరించి వేగం పెంచుకుంటుంది. కన్ను చెప్పవలసిన కబురు సగం చెవే చెప్పేస్తుంది. ఎన్ని అడుగులకు ఏ గుంత వస్తుందో తాళం లెక్కపెట్టి ఎగరడం అబ్బాయి నేర్చుకున్నాడు.

వైద్యం మాత్రం రెండు నెలలకే ఆగిపోయింది. వేసవి చెమటకు ప్లాస్టరు కింద చర్మం ఒరిసిపోయింది. మంచి కన్ను కూడా పోతుందేమోనని నాయనమ్మ భయపడింది. మళ్లీ రమ్మన్న తేదీకి వరికోతలు అడ్డొచ్చాయి. కన్ను అక్కడే ఉండిపోయింది. పాట మిగిలింది.

అయిదు గొంతుకల మేళం

ఇంటర్ తప్పాక ఆయన తణుకులో ఒక రేడియో రిపేరు దుకాణంలో పనికి చేరారు. టంకం పెట్టడంలో లోతు అందక వేళ్లు కాల్చుకున్న రోజులు లెక్కలేనన్ని. అందుకే ఇప్పటికీ ఎడమచేతి వేలిని బోర్డుకు ఆనించి, ఆ వేలి ఆసరాతో టంకం కర్ర దింపుతారు. చెవి మాత్రం మోసం చేయలేదు. స్పీకరు కాయిల్ చిరిగిందో, వైరు వదులైందో విప్పకుండానే చెప్పగలరని తోటి మెకానిక్కులు అంటారు. ఒక కన్ను మందగిస్తే చెవి దానంతటదే పదునెక్కుతుందని అనుకోవడం పొరపాటు. చిన్నప్పటి నుంచి చెవి పెట్టి వినడం అలవాటైందని, అంతకుమించి మహిమ ఏమీ లేదని ఆయనే చెప్పారు.

2012లో ఇంటర్నెట్ సెంటరులో ఎవరో కుర్రాడు ఆ మారియో పాట పెట్టాడు. పదేళ్లనాటి సాయంత్రాలన్నీ కళ్ల ముందుకొచ్చాయి. ఆ బాణీ కట్టింది ఎవరని వెదికితే కోజి కొండో అనే పేరు దొరికింది. ఆయన 1984లో నింటెండోలో చేరి, 1985లో సూపర్ మారియో బ్రదర్స్ ఆటకు సంగీతం కట్టారు. "అంతవరకూ ఆ పాటను యంత్రమే వాయించుకుంటుందని అనుకున్నానండి. దానికీ ఒక మనిషి ఉన్నాడని తెలిసి ఆశ్చర్యపోయాను" అన్నారు.

ఆ పాత యంత్రంలో ధ్వనికి అయిదు గొంతుకలే ఉన్నాయి. మన మేళంతో పోల్చి చెప్పాలంటే, సన్నాయిల్లా రాగం పలికేవి రెండు, కింది స్థాయి పట్టేది ఒకటి, తాళాల మాదిరి చప్పుడు చేసేది ఒకటి, ముందే రికార్డు చేసిన చిన్న చిన్న ధ్వని ముక్కలను వినిపించేది ఒకటి. ఇంత కొద్ది సరంజామాతో, గంటలకొద్దీ తిరిగి తిరిగి వచ్చినా విసుగెత్తని బాణీ కట్టడం చిన్న పని కాదు. 2023లో అమెరికా జాతీయ గ్రంథాలయం భద్రపరచదగ్గ ధ్వనుల జాబితాలో ఆ మారియో పాటను చేర్చింది. వీడియో గేము సంగీతానికి అక్కడ చోటు దక్కడం అదే మొదలు.

జపాన్‌లో ఆటల సంగీతాన్ని విడిగా కొని వినడం ఎప్పటి నుంచో ఉంది. హరువొమి హొసొనొ అనే సంగీత దర్శకుడు 1984లోనే నామ్కో కంపెనీ ఆటల పాటలతో రికార్డు తెచ్చారు. 1986లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ ఆట సంగీతాన్ని దాని కర్త కొయిచి సుగియామా మరుసటి ఏడాదే పెద్ద వాద్యబృందంతో సభలో వినిపించారు. ఫైనల్ ఫాంటసీ ఆటలకు సంగీతం కట్టిన నొబువొ యుయెమత్సు గురువు దగ్గర నేర్చుకోకుండానే అంతటివాడయ్యారు. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2కు బాణీలు కట్టిన యోకో షిమొమురా మహిళ. 2021 జులై 23న టోక్యో ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో దేశదేశాల క్రీడాకారులు నడిచి వచ్చింది ఈ ఆటల పాటల మీదే. మొదట వినిపించింది డ్రాగన్ క్వెస్ట్ బాణీ. "టీవీలో ఆ పాట రాగానే నేను కేక పెట్టాను. ఇంట్లోవాళ్లు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు" అని ఆయన నవ్వారు.

టోక్యో నుంచి తణుకు దాకా

ఆయన మొదటి పెట్టె 2014లో వచ్చింది. కొన్ని డిస్కులు జపాన్‌లో తప్ప దొరకవు. అక్కడి దుకాణాలు చాలావరకు విదేశాలకు పంపవు. ఆ పని చేసిపెట్టే ఏజెంట్లు ఉన్నారు. వారు సరుకును తమ చిరునామాకు తెప్పించుకుని, మళ్లీ కట్టి మన చిరునామాకు పంపుతారు. కొత్త డిస్కు అక్కడ సాధారణంగా రెండు మూడు వేల యెన్లు పలుకుతుంది. అందుకే ఈయన ఎక్కువగా పాతవే కొంటారు. వాడినవైనా గీత పడకుండా, పక్కన చుట్టిన కాగితపు పట్టీ కూడా చిరగకుండా వస్తాయట.

పెట్టె మన దేశానికి చేరాక విదేశీ తపాలా కార్యాలయంలో కస్టమ్స్ వారు చూస్తారు. సుంకం విధిస్తే ఆ చీటీతోపాటు ఊరికి వస్తుంది. పోస్టుమాన్ చేతికి డబ్బు కడితేనే పెట్టె ఇస్తారు. కానుక అని రాయిస్తే సుంకం తప్పుతుందని కొందరు సలహా ఇస్తుంటారు. 2019 డిసెంబరులో కేంద్రం రాఖీలు, ప్రాణాధార మందులు తప్ప మిగతా కానుకలకు ఆ వెసులుబాటు తీసేసింది. కొన్నదానిని కానుక అనడం ఎప్పుడైనా తప్పే. "ఒకసారి డిస్కు ధర కంటే ఖర్చులే ఎక్కువయ్యాయి. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు" అని ఆయన ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఈ పాటలు చాలావరకు సెల్‌ఫోనులోనే వినవచ్చు. ఫైనల్ ఫాంటసీ సంగీతం 2019లోనే ఇంటర్నెట్‌లోకి వచ్చింది. మరి డిస్కులెందుకని అడిగితే, కొత్త బాక్సులు కొన్నప్పుడు వాటిని పరీక్షించడానికి వాడతానన్నారు. కాసేపాగి అసలు సంగతి చెప్పారు: "ఆ రోజుల్లో నాకు సాయం వచ్చింది అదేనండి. డబ్బిచ్చి కొనుక్కోవడం దానికి మర్యాద."

అరచేయి అడ్డుపెట్టాడు

2023 వేసవిలో ఒక సాయంత్రం ఆయన నాలుగేళ్ల కూతురు అరుగు మీద బొమ్మల పుస్తకం చూస్తోంది. దుకాణం నుంచి వచ్చిన తండ్రి ఆటగా పాప ఎడమ కంటికి అరచేయి అడ్డుపెట్టాడు. పాప పట్టించుకోకుండా బొమ్మలు చూస్తూనే ఉంది. చేయి మార్చి కుడి కన్ను మూశాడు. పాప చిరాకుపడి చేయి తోసేసింది. మళ్లీ మూశాడు. మళ్లీ తోసేసి ఏడుపు లంకించుకుంది.

"నా గుండె జారిపోయింది. దానికి అల్లరి అని పేరు పెట్టలేదు నేను. నన్ను అలాగే అనుకున్నారు కదా!" అన్నారాయన.

మర్నాడే విజయవాడ తీసుకెళ్లారు. రెండు కళ్ల పవరులో తేడా ఉందని, ఎడమ కన్ను 6/24 చూస్తోందని వైద్యురాలు తేల్చారు. ముందు కళ్లద్దాలు ఇచ్చి నాలుగు నెలలు చూశారు. అద్దాలతోనే చూపు కొంత మెరుగుపడింది. ఆ తర్వాత రోజుకు రెండు గంటలు కుడి కంటికి గంత కట్టమన్నారు.

తండ్రికి ఆరు గంటలు, కూతురికి రెండు గంటలేమిటన్న అనుమానం రావచ్చు. ఏడేళ్లలోపు పిల్లల్లో జబ్బు ఓ మోస్తరుగా ఉంటే రెండు గంటల గంత, ఆరు గంటల గంతతో సమానంగా పనిచేస్తుందని 2003లో అమెరికాలో వెలువడిన పరిశోధన తేల్చింది. గంత ఉంచుకోని పిల్లలకు మంచి కంట్లో అట్రోపిన్ చుక్కలు వేసి దాని చూపును కాసేపు మసకబరిచే పద్ధతి కూడా ఉంది. ఏది ఎవరికన్నది వైద్యుడే చెప్పాలి. ఏడేళ్లు దాటిన పిల్లలకు కూడా కొంత మేలు జరగవచ్చు కాబట్టి వయసు మించిందని వదిలేయకూడదు. చిన్న వయసులో జరిగినంత మేలు మాత్రం జరగదు.

నాయనమ్మ ఈసారి అడ్డురాలేదు సరికదా, గంత కట్టే బాధ్యత తానే పుచ్చుకుంది. పాప గంత మీద రోజుకో బొమ్మ అంటిస్తుంది. ఒకరోజు చిలక, ఒకరోజు చందమామ. ఆ రెండు గంటలూ పాప రంగులు వేయాలి, పూసలు గుచ్చాలి, బియ్యంలో రాళ్లు ఏరాలి. తండ్రి తన డిస్కుల్లోంచి ఒకటి పెడతాడు. రెండు డిస్కులు పూర్తయితే గంత విప్పే వేళ అయినట్టు పాపకు లెక్క.

సెల్‌ఫోనులో ఆటలాడిస్తే కన్ను బాగవుతుందని కొందరు పొరబడుతున్నారు. అలాంటి ఆట ఒకదానిని గంతతో పోల్చి చూసి, అది గంతకు సాటి రాలేదని 2016లో అమెరికా వైద్యులు ప్రకటించారు. ఈ ఇంట్లోనూ పాప చూపును మెరుగుపరిచింది అద్దాలు, గంత. పాట ఆ రెండు గంటలూ ఆమెను కూర్చోబెట్టింది.

తల్లిదండ్రులు ఇలా చేయాలి

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఇది. పాప గాని బాబు గాని ఇష్టమైన వస్తువు చూస్తుండగా ఒకసారి ఒక కన్ను, మరోసారి రెండో కన్ను అరచేతితో మూయండి. ఒక కన్ను మూసినప్పుడు ఊరుకుని, రెండోది మూసినప్పుడు మాత్రం చేయి తోసేస్తే వెంటనే కంటి వైద్యుడికి చూపించాలి. చదవగలిగే పిల్లలైతే క్యాలెండరు దూరంగా పెట్టి ఒక్కో కంటితో అంకెలు చదివించండి. ఇంట్లో పరీక్షలో ఏమీ తేలకపోయినా, బడిలో వేసేలోగా ఒకసారి వైద్యుడికి చూపించడం మంచిది. తల్లికో తండ్రికో చిన్నప్పుడు కంటి జబ్బు ఉంటే తప్పనిసరి.

పిల్లల కన్ను మెల్లగా ఉన్నా, రెప్ప వాలినా, తల పక్కకు వంచి చూస్తున్నా అదృష్టమనో అలవాటనో సరిపెట్టుకోవద్దు. కంటిపాపలో తెల్లగా మెరుపు కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. అది శుక్లం కావచ్చు, ప్రాణం మీదికి తెచ్చే గడ్డ కూడా కావచ్చు. ఇంకొక హెచ్చరిక. వైద్యుడు చెప్పకుండా మీ అంతట మీరే గంత కట్టవద్దు. లెక్క తప్పితే మంచి కన్ను మందగించే ప్రమాదం ఉంది.

దీనికి డబ్బున్నవారే కానవసరం లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. ఆ రోజు పిల్లవాడిని బడి మాన్పించవద్దు. 2019 అక్టోబరు 10న అనంతపురంలో ప్రారంభించిన కంటి వెలుగు మొదటి విడత బడిపిల్లల కోసమే జరిగింది. 1987లో హైదరాబాదులో నెలకొన్న ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లోనూ కంటి కేంద్రాలు నడుపుతోంది. బడిలో పరీక్ష జరిగినప్పుడు ఒక కన్ను మూసి చదవలేని పిల్లవాడిని గదమాయించకుండా, చీటీ రాసి తల్లిదండ్రులకు పంపితే చాలునని ఈయన ఉపాధ్యాయులకు విన్నవిస్తున్నారు.

ఈ విలేఖరి వెళ్లిన సాయంత్రం పాప అరుగు మీద కూర్చుని ఉంది. ఇప్పుడు ఒకటో తరగతి. ఎడమ కన్ను 6/9కి వచ్చింది. గంత రోజుకు గంటకు తగ్గించారు. మళ్లీ మందగించకుండా ఇంకా కొన్నేళ్లు అద్దాలు వాడాలి, పరీక్షలకు వెళ్లాలి. ఆ రోజు గంత మీద నెమలి బొమ్మ ఉంది. ఎదురుగా రావిచెట్టుకు కట్టిన సినిమా పోస్టరు మీది అక్షరాలను పాప కూడబలుక్కుంటూ చదువుతోంది. లోపల జపాన్ పాట మోగుతోంది.

తండ్రి తన కుడి కన్ను చేత్తో మూసుకుని అదే పోస్టరు వైపు చూశాడు. "నాకు ఎర్రటి మరకే కనబడుతోంది. దానికి సినిమా పేరు కనబడుతోంది. ఇంకేం కావాలండీ!" అన్నాడు.